సవర నేర్చుకున్న పర్లాకిమిడి మాస్టారు



ఏటా ఆగస్టు 29 వస్తుంది. ఆ రోజు స్కూళ్ళల్లో, కాలేజీల్లో తెలుగు భాషా దినోత్సవం అని ఫ్లెక్సీ కడతారు. గిడుగు వెంకట రామమూర్తి గారి ఫోటోకి దండ వేస్తారు. వాడుక భాషా ఉద్యమం గురించి ఒక సారు మాట్లాడతారు, ఒక మేడమ్ పద్యం చదువుతారు, చివర్లో వ్యాసరచన పోటీ బహుమతులు ఇస్తారు. హాస్టల్ పిల్లలం వెనక వరసల్లో కూర్చుని చప్పట్లు కొట్టి వచ్చేస్తాం. ఈ పండగ మనది కాదులే అనుకుంటాం. తెలుగు వాళ్ళ పండగ, తెలుగు వాళ్ళ పెద్దమనిషి అనుకుంటాం.

మాలో చాలామందికి డిగ్రీకి వచ్చేదాకా తెలియని సంగతి ఒకటి ఉంది. ఆ ఫోటోలో ఉన్నాయన తెలుగు కోసం కొట్లాడక ముందే మన సవర భాష నేర్చుకోవడం మొదలుపెట్టాడు. ఆయన అచ్చైన పెద్ద పుస్తకాల్లో సవర వ్యాకరణం ఉంది, సవర నిఘంటువు ఉంది. సొంత డబ్బుతో సవర పిల్లలకి సవరలోనే బళ్ళు నడిపాడు. మన కొండల్లో తిరిగి జ్వరం తెచ్చుకుని చెవులు పోగొట్టుకున్నాడు.

అందుకే ఈసారి ఆయన గురించి మన వైపు నుంచి రాద్దామని కూర్చున్నాం. మాలో సవరలం ఉన్నాం, జాతాపులం ఉన్నాం, గదబలం ఉన్నాం. కొంచెం పెద్ద పోస్టే, ఓపిగ్గా చదవండి.

ముందు ఆయన ఎవరో, ఎక్కడివాడో చూద్దాం.

1863 ఆగస్టు 29న శ్రీముఖలింగం దగ్గర పర్వతాలపేటలో పుట్టారు. ముఖలింగం అంటే మనకి తెలిసిందే, వంశధార ఒడ్డున పాత గుళ్ళు ఉన్న ఊరు. అప్పట్లో అది గంజాం జిల్లా, మద్రాసు రాష్ట్రం. తండ్రి వీర్రాజు గారు పర్లాకిమిడి సంస్థానంలో రెవెన్యూ ఉద్యోగి. 1875లో చోడవరానికి బదిలీ అయి, అక్కడే విషజ్వరం వచ్చి పోయారు. కొడుక్కి అప్పటికి పన్నెండేళ్ళు కూడా సరిగ్గా లేవు. బంధువుల అండతో విజయనగరం మహారాజా వారి స్కూల్లో చదివి 1879లో మెట్రిక్యులేషన్ గట్టెక్కాడు. అక్కడ ఆయనతో చదువుకున్న ఇంకో కుర్రాడు గురజాడ అప్పారావు.

మరుసటి ఏడు, 1880లో, పర్లాకిమిడి రాజా వారి స్కూల్లో టీచర్ ఉద్యోగం దొరికింది. ఫస్ట్ ఫారం పిల్లలకి చరిత్ర చెప్పాలి. జీతం నెలకి 30 రూపాయలు. మనిషికి పదిహేడేళ్ళు. ఇంటి మగదిక్కు పోయిన కుర్రాడు, చదువు ఆగిపోయిన కుర్రాడు, చిన్న ఊళ్ళో చిన్న ఉద్యోగం. అక్కడితో సరిపెట్టుకుంటే ఎవరూ తప్పు పట్టరు. ఆయన సరిపెట్టుకోలేదు. ఉద్యోగం చేస్తూనే ప్రైవేటుగా కట్టి 1886లో ఎఫ్.ఏ. పాసయ్యారు, తర్వాత బి.ఏ. కూడా పూర్తి చేశారు. కష్టపడి డిస్టెన్స్‌లో డిగ్రీ కడుతున్న అన్నలూ అక్కలూ మన గ్రూపులో చాలామంది ఉన్నారు. ఈ మాట వాళ్ళ కోసం రాస్తున్నాం.

చరిత్ర మాస్టారు కాబట్టి పుస్తకంలో ఉన్నది చదివించి బెల్లు కొట్టగానే వెళ్ళిపోవచ్చు. ఆయనకి అది నచ్చలేదు. దగ్గర్లోనే ముఖలింగం గుడి ఉంది, గోడల నిండా శాసనాలు ఉన్నాయి. వాటిని చదవగలిగే మనిషి ఊళ్ళో లేడు. పాత లిపుల గురించి పుస్తకాలు కొని, తనంతట తనే ఆ అక్షరాలు కూడబలుక్కుని, గుడి గోడలు చదివేశారు. తూర్పు గాంగ రాజుల రాజధాని కళింగనగరం ఈ ముఖలింగమే అని వ్యాసాలు రాశారు. నేర్పే గురువు లేకపోతే తనే నేర్చుకోవడం, చదవాల్సింది పుస్తకంలో లేకపోతే గోడ దగ్గరికి పోవడం, ఇదీ ఆయన పద్ధతి. ఆ పద్ధతే ఆయన్ని మన దగ్గరికి తెచ్చింది.

పర్లాకిమిడి ఊరు మనలో చాలామంది చూసిందే. పాతపట్నం దాటితే ఒడిశా బోర్డు, ఆ వెంటనే ఊరు. వెనకంతా కొండలు. అప్పుడూ ఇప్పుడూ ఆ కొండల్లో ఉండేది సవరలే. మన తాతల తాతలు అడ్డాకులు, చింతపండు, పసుపు, కందులు కావిళ్ళతో దింపుకుని సంతకి వచ్చేవాళ్ళు. వచ్చి ఏం చేసేవాళ్ళు? మాట రాక చేతులతో బేరం చేసేవాళ్ళు. షావుకారు చెప్పిందే తూకం, షావుకారు రాసిందే లెక్క. ఊళ్ళో వాళ్ళకి సవరలంటే బరువు మోసే మనుషులు. మన భాష అంటే వాళ్ళకి ఒక చప్పుడు.

ఆ చప్పుడు ఒక భాష అని గుర్తించిన మనిషి ఈ మాస్టారు. ఈ పిల్లలకి చదువు చెప్పాలి, చెప్పాలంటే వాళ్ళ మాట ముందు నాకు రావాలి అనుకున్నారు. ఇక్కడ ఒక్క నిమిషం ఆగి ఆలోచించండి. ఇవాళ కూడా చాలా చోట్ల వరస తిరగేసి ఉంటుంది. పిల్లాడికి ముందు మన మాట రావాలి, తర్వాత చదువు చెప్తాం అంటారు. ఆయన నూట పాతికేళ్ళ కింద మాస్టారికి ముందు పిల్లాడి మాట రావాలి అన్నారు.

సవర నేర్చుకోవడానికి పుస్తకం లేదు. లిపి లేదు. అందుకని తెలుగు కూడా వచ్చిన ఒక సవర మనిషిని ఇంట్లో పెట్టుకున్నారు. ఆయన దగ్గర ఒక్కో మాట అడుగుతూ, రాసుకుంటూ, పలుకుతూ, తప్పు దిద్దించుకుంటూ నేర్చుకున్నారు. ఆ రోజుల్లో ఒక బ్రాహ్మణ ఇంట్లో కొండ మనిషి ఉండటం, ఆ ఇంటి యజమాని ఆయన ముందు పలక పట్టుకున్న పిల్లాడిలా కూర్చోవడం ఎంత పెద్ద విషయమో మనం ఊహించుకోవచ్చు. తర్వాత తర్వాత కొండలెక్కి సవర ఊళ్ళల్లోనే తిరిగారు. కథలు, పాటలు, మాటలు రాసుకున్నారు. కొడుకు సీతాపతి గారు కూడా పెద్దయ్యాక ఈ పనిలోకే వచ్చి సవర మీద పరిశోధన చేశారు.

సవర అంత తేలిగ్గా దొరికే భాష కాదు. ఇది మనం గొప్పగా చెప్పుకోవాల్సిన సంగతి, కాబట్టి కొంచెం వివరంగా రాస్తున్నాం.

తెలుగు, కువి, గోండి, కోయ ఇవన్నీ ద్రావిడ కుటుంబం. ఒడియా, హిందీ ఇంకో కుటుంబం. సవర ఈ రెండిటిలోనూ లేదు. అది ముండా భాష. గుతోబ్ గదబ, సంతాలి, ముండారి దానికి అక్కచెల్లెళ్ళు. దూరపు చుట్టాలు ఎక్కడున్నారో తెలుసా? కంబోడియాలో ఖ్మేర్, వియత్నాంలో వియత్నమీస్. మన నాయనమ్మ పొయ్యి దగ్గర మాట్లాడే మాటకి అంత దూరాన చుట్టరికం ఉంది.

గొంతు ఒక్క క్షణం మూసి తెరిచినట్టు పలికే ధ్వని ఒకటి సవరలో ఉంది. తెలుగు అక్షరమాలలో దానికి అక్షరం లేదు. వినడం అలవాటు లేని చెవికి అది అసలు వినపడనే వినపడదు. ఇంకో విశేషం, సవర క్రియ. తెలుగులో నాలుగైదు మాటలతో చెప్పేదాన్ని సవర ఒక్క మాటలో ముడి వేసేస్తుంది. 'చేపలు పడుతున్నాడు' అనడానికి చేప అనే మాట పట్టడం అనే మాట లోపలికి వెళ్ళి కూర్చుంటుంది. ఏ ఆయుధంతో, ఒంట్లో ఎక్కడ, ఎవరిని అన్న మూడు సంగతులూ ఒకే క్రియలో ఇమిడిపోయే మాటలు కూడా ఉన్నాయి. ఈ సంగతులు ప్రపంచంలోని భాషాశాస్త్రవేత్తలకి అందించింది మన పర్లాకిమిడి మాస్టారి వ్యాకరణమే. ఇప్పటికీ ముండా భాషల మీద పని చేసేవాళ్ళు ఆయన పుస్తకం తియ్యకుండా ముందుకి పోలేరు.

లెక్క సంగతి చూడండి. అబోయ్, బాగు, యాగి, ఉంజి... అని మన పెద్దవాళ్ళు లెక్కపెడతారు కదా. పన్నెండు దాకా వెళ్ళాక పదమూడుని 'పన్నెండూ ఒకటి' అంటారు. పందొమ్మిది అంటే 'పన్నెండూ ఏడు'. ఆ తర్వాత ఇరవై ఒక కట్ట. ముప్ఫై మూడు అంటే ఇరవై, పన్నెండు, ఒకటి. ఇలా లెక్క తెలిసిన పిల్లాడిని ఒకటో తరగతిలో కూర్చోబెట్టి పదుల లెక్క చెప్పి, రాకపోతే 'ఏట్రా, నీకు లెక్కలు రావేటి' అంటారు. వాడికి లెక్క వచ్చు. మాస్టారికి తెలిసిన లెక్క అది కాదు, అంతే తేడా.

కొండల్లో తిరగడానికి గిడుగు మాస్టారు ఖరీదు కట్టారు. మన్యం జ్వరం పట్టుకుంది. అప్పట్లో మలేరియాకి ఉన్న మందు క్వినైన్ ఒక్కటే. దాన్ని ఎక్కువగా వాడటంతో చెవులు దెబ్బతిన్నాయి. బతికినన్నాళ్ళూ ఆ చెవుడు పోలేదు. మన ఇళ్ళల్లో మలేరియా పడని ఇల్లు లేదు కాబట్టి ఈ మాట మనకి అర్థమైనంతగా మైదానం వాళ్ళకి అర్థం కాదు. వినడమే పనిగా పెట్టుకున్న మనిషికి వినికిడి పోయింది. మన భాష వినడానికి వచ్చి పోయింది. అయినా ఆ పని వదల్లేదు.

నేర్చుకున్నది అటక మీద పెట్టుకోలేదు. సవర పిల్లల కోసం పాఠాల పుస్తకాలు రాశారు. బళ్ళు పెట్టి, సొంత డబ్బుతో అధ్యాపకులకి జీతాలిచ్చి, సవరలోనే చదువు చెప్పించారు. 30 రూపాయలతో మొదలైన మాస్టారు ఇంకో మాస్టారికి జీతం ఇవ్వడం అంటే ఆలోచించండి. 1911లో ఉద్యోగం నుంచి రిటైర్ అయ్యారు. పని నుంచి మాత్రం రిటైర్ అవలేదు. సుమారు 35 ఏళ్ళ కష్టం తర్వాత 1931లో సవర వ్యాకరణాన్ని మద్రాసు ప్రభుత్వం అచ్చు వేసింది. అప్పటికి ఆయనకి 68 ఏళ్ళు. సవర–ఇంగ్లీషు నిఘంటువు 1938లో వచ్చింది. అప్పటికి 75.

ఇప్పుడు తెలుగు సంగతికి వద్దాం.

ఆ రోజుల్లో బళ్ళల్లో తెలుగు పిల్లలకి కూడా వాళ్ళు మాట్లాడే తెలుగులో చదువు లేదు. వందల ఏళ్ళ కిందటి కావ్యాల భాషలో పుస్తకాలుండేవి. పిల్లలు అదే భాషలో రాయాలి. ఇంట్లో మాట్లాడినట్టు రాస్తే తప్పు. 1906–07 ప్రాంతంలో ఉత్తర కోస్తా జిల్లాలకి స్కూళ్ళ ఇన్‌స్పెక్టరుగా వచ్చిన జె.ఎ. యేట్స్ అనే దొరకి ఇది వింతగా తోచింది. జనం మాట్లాడేదొకటి, బళ్ళో చెప్పేదొకటి ఏమిటని అడిగాడు. ఆ ప్రశ్నకి గట్టిగా నిలబడి జవాబు చెప్పినవాళ్ళలో గురజాడ, గిడుగు ముందున్నారు. విశాఖపట్నం ఏ.వి.ఎన్. కాలేజీ ప్రిన్సిపాల్ పి.టి. శ్రీనివాస అయ్యంగారు తోడయ్యారు.

తర్వాత జరిగిన గొడవ చిన్నది కాదు. పెద్ద పెద్ద పండితులు అడ్డం తిరిగారు. వాడుక భాష రాస్తే తెలుగు నాశనం అయిపోతుందన్నారు. గిడుగు మాస్టారు వెనక్కి తగ్గే మనిషి కాదు. 'మీరు గొప్పగా చెప్పే ఆ గ్రాంథికం మీకే సరిగ్గా రాదు' అని పండితుల రాతల్లోంచే తప్పులు ఏరి చూపించారు. 1919లో రాజమండ్రిలో వర్తమానాంధ్ర భాషా ప్రవర్తక సమాజం పెట్టారు. కందుకూరి వీరేశలింగం గారు అధ్యక్షులు, ఈయన కార్యదర్శి. అదే ఏడు 'తెలుగు' అని ఒక పత్రిక నడిపారు. 1925లో తణుకులో ఆంధ్ర సాహిత్య పరిషత్తు సభలో నాలుగు గంటలు మాట్లాడారట. చెవుడున్న మనిషి, అరవై దాటిన మనిషి, వ్యతిరేకుల సభలో నాలుగు గంటలు! ఆ పట్టుదల ఊహించుకుంటేనే మాకు ఒళ్ళు జలదరిస్తుంది.

మేము చెప్పదల్చుకున్న అసలు మాట ఇక్కడుంది. తేదీలు పక్కపక్కన పెట్టి చూడండి. 1931లో అచ్చైన సవర వ్యాకరణం వెనక 35 ఏళ్ళ పని ఉంది అంటే అది మొదలైంది 1890ల్లో. తెలుగు గొడవ మొదలైంది 1906 తర్వాత. సవర ముందు, తెలుగు తర్వాత. లిపి లేని భాషని చెవితో నేర్చుకున్న మనిషికి భాష అంటే నోటిలో ఉండేది, కాగితం మీదిది దాని నీడ అని తెలిసిపోతుంది. వ్యాకరణం రాయని భాషకి కూడా వ్యాకరణం ఉంటుందని తెలిసిపోతుంది. బడికి పోని సవర మనిషి నోట్లో ఇంత చక్కని కట్టుబాటు ఉంటే, పొలంలో రైతు మాట్లాడే తెలుగులో ఎందుకుండదు? ఇలాగే అనుకున్నానని ఆయన రాశారని మేము అనడం లేదు. ఆయన చేసిన పనుల వరస చూసి మేము ఇలా అర్థం చేసుకున్నాం. ఇవాళ తెలుగు పేపరు, తెలుగు టీవీ, ఈ పోస్టు కూడా మాట్లాడే తెలుగులో ఉన్నాయంటే ఆ చదువులో కొంత భాగం ఒక సవర మనిషి ముందు కూర్చుని నేర్చుకున్నదే.

ఆగస్టు 29 మనది కూడా అని అందుకే అంటున్నాం.

మాస్టారి మీద ప్రేమ ఉంది కదా అని అన్నీ పొగిడి ఊరుకోవడం కూడా సరి కాదు. చరిత్ర రాసేటప్పుడు మన వైపు లెక్క కూడా చెప్పాలి.

1936 ఏప్రిల్ 1న ఒడిశా రాష్ట్రం వేరుపడింది. పర్లాకిమిడి అటు వెళ్ళింది. గిడుగు మాస్టారు దాన్ని గట్టిగా వ్యతిరేకించారు. ఊరు ఒడిశాలో కలిసిన రోజునే, 55 ఏళ్ళు బతికిన ఊరిని వదిలి రాజమండ్రి వెళ్ళిపోయారు. డెబ్భై రెండేళ్ళ వయసులో. ఆ బాధ మనకి అర్థమవుతుంది. కానీ ఆ గీత గీసేటప్పుడు తెలుగు వాళ్ళు తమ లెక్క చెప్పారు, ఒడియా వాళ్ళు తమ లెక్క చెప్పారు, రాజా వారు తన లెక్క చెప్పారు. సవర ఊళ్ళని ఎవరైనా అడిగారా? ఒక కొండకి ఇటువైపు ఉన్న అన్న తెలుగు బడికి, అటువైపు ఉన్న తమ్ముడు ఒడియా బడికి పోయేలా ఆ గీత మనల్ని చీల్చింది. ఇవాళ శ్రీకాకుళం, పార్వతీపురం మన్యం జిల్లాల సవరలూ గజపతి, రాయగడ జిల్లాల సవరలూ కలిస్తే నోటితో మాట్లాడుకోగలరు, ఒకరు రాసింది ఒకరు చదవలేరు.

అదే 1936లో ఇంకో సంగతి జరిగింది. అటువైపు కొండల్లో మంగేయి గొమాంగో అనే మన మనిషి సవరకి సొంత లిపి తయారు చేశారు. సొరంగ్ సొంపెంగ్ అంటారు. 2012లో అది యూనికోడ్‌లో కూడా చేరింది, అంటే ఇప్పుడు కంప్యూటర్లో, ఫోన్లో దానికి చోటుంది. బయటి నుంచి వచ్చిన మాస్టారు మన భాషకి వ్యాకరణం రాస్తుంటే, లోపలి మనిషి దానికి అక్షరాలు చెక్కాడు. గిడుగు గారి పేరు తలిచిన చోట గొమాంగో గారి పేరు కూడా తలవాలి.

ఇంకో మాట. మాస్టారి వ్యాకరణం ఇంగ్లీషులో ఉంది. నిఘంటువు అర్థాలు ఇంగ్లీషులో ఉన్నాయి. లోకానికి సవర గొప్పతనం తెలిసింది గానీ కొండ మీద సవర ఇంటికి ఆ పుస్తకం చేరలేదు. ఆయన నడిపిన బళ్ళు కూడా తరతరాలు నిలిచే ఏర్పాటు కాలేదు. ఇది ఆయన తప్పు అని మేము అనం. ఒక మాస్టారు తన జేబులోంచి తీసి చేసిన పనిని తర్వాత ప్రభుత్వం తన పనిగా తీసుకోవాలి. అది జరగడానికి చాలా కాలం పట్టింది. రాజ్యాంగంలో 350ఎ అధికరణం 1956లో చేరింది. భాషాపరంగా తక్కువ సంఖ్యలో ఉన్నవాళ్ళ పిల్లలకి ప్రాథమిక చదువు మాతృభాషలో అందేలా రాష్ట్రాలు చూడాలని అందులో ఉంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఎనిమిది గిరిజన భాషల్లో, అందులో సవరలో కూడా, ఒకటో తరగతి పుస్తకాలు మొదలుపెట్టింది 2004 ప్రాంతంలో. మాస్టారు పోయి అప్పటికే అరవై ఏళ్ళు దాటింది. ఆ పుస్తకాలు ఎన్ని ఊళ్ళల్లో ఇప్పటికీ పిల్లల చేతుల్లో ఉన్నాయో మన గ్రూపులో ఉన్న భాషా వాలంటీర్ అన్నలే చెప్పాలి.

ఆయన 1940 జనవరి 22న మద్రాసులో కన్నుమూశారు. అంతకు వారం ముందు కూడా వాడుక భాషనే రాయండి అని పత్రికల వాళ్ళకి విన్నపం చేశారు. చివరి దాకా మాస్టారే.

ఇందులో మాకు నిద్ర పట్టనివ్వని విషయం ఒకటుంది. గిడుగు మాస్టారికి సవర నేర్పిన మనిషి పేరు మనలో ఎవరికీ నోటికి రాదు. శిష్యుడి పేరు మీద రాష్ట్రమంతా పండగ చేస్తుంది. గురువు పేరు పాఠ్యపుస్తకంలో లేదు, ఫ్లెక్సీ మీద లేదు. ఆయన కూడా మాస్టారే కదా. ఇల్లు వదిలి, కొండ దిగి, కొత్త ఊళ్ళో కొత్త మనుషుల మధ్య కూర్చుని, చదువుకున్న పెద్దమనిషి నోరు తిరక్క తప్పు పలికితే మళ్ళీ మళ్ళీ సరిగ్గా పలికి చూపించిన ఓపిక ఆయనది. ఒక పంతులుకి భాష నేర్పిన ఆ సవర పెద్దాయన్ని మనం మన మొదటి టీచర్ అనుకుంటే తప్పేంటి?

ఇదంతా పాత కథ, ఇప్పుడెందుకు అని కొందరు అడగొచ్చు. ఎందుకో చెప్తాం.

మాలో ఒకరి నాయనమ్మకి పోయినేడు ఒంట్లో బాగోలేక ఆస్పత్రికి తీసుకెళ్ళారు. ఆవిడకి తెలుగు సంతలో బేరమాడేంతే వచ్చు. డాక్టరు గారు మంచి మనిషే, నొప్పి ఎలా ఉంది, ఎక్కడ మొదలై ఎక్కడికి పోతోంది అని అడిగారు. ఆవిడ సవరలో చెప్పింది, వివరంగానే చెప్పింది. పక్కనున్న మనవడు డిగ్రీ చదువుతున్నాడు. ఆవిడ చెప్పిన మాటల్లో సగం వాడికి అర్థం కాలేదు. ఆరేళ్ళకి హాస్టల్లో చేరాడు. అక్కడ సవర మాట్లాడితే పిల్లలు నవ్వేవాళ్ళు, అందుకని మానేశాడు. మానేసిన మాట మళ్ళీ అవసరం వస్తుందని అప్పుడు తెలీదు. 'కడుపు నొప్పంటోంది సార్' అని చెప్పి ఊరుకున్నాడు. నాయనమ్మ వాడి మొహం చూసి ఇంకేం చెప్పలేదు. ఆవిడ కోలుకుని ఇంటికొచ్చింది. కానీ ఆ చూపు వాడు మర్చిపోలేదు. ఈ పోస్టు రాయడానికి కూర్చున్న వాళ్ళలో వాడూ ఒకడు.

ఎక్కడో పుట్టిన మాస్టారు జ్వరం పడి, చెవులు పోగొట్టుకుని నేర్చుకున్న మాట. మనకి ఉచితంగా వచ్చింది, మనమే వదిలేశాం. సిగ్గుపడి వదిలేశాం. ఆ సిగ్గు మనం పుట్టించుకున్నది కాదు, మనకి అంటించింది. కానీ దాన్ని వదిలించుకోవడం మన చేతుల్లోనే ఉంది.

2011 జనాభా లెక్కల్లో సవర తమ మాతృభాష అని రాయించుకున్నవాళ్ళు దేశంలో 4 లక్షల పైనే ఉన్నారు. ఇది చచ్చిపోయిన భాష కాదు. సంతాలి అన్నదమ్ములు కొట్లాడి 2003లో రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూల్లో చేరారు. మనది ఇంకా చేరలేదు. అది పెద్ద పోరాటం, దాని గురించి వేరే పోస్టులో మాట్లాడుకుందాం. ఇప్పటికి చిన్న పని ఒకటి అడుగుతున్నాం.

ఈ ఆగస్టు 29న సెలవు దొరికినవాళ్ళు ఇంటికెళ్ళండి. దొరకనివాళ్ళు ఫోన్ చెయ్యండి. నాయనమ్మనో, తాతనో, ఊళ్ళో పెద్ద దిక్కునో పట్టుకుని మీకు తెలియని పది మాటలు అడగండి. పోడులో వాడే మాటలు, చెట్ల పేర్లు, జబ్బుల పేర్లు, పండగలో చెప్పే మాటలు. వాళ్ళ గొంతు ఫోన్లో రికార్డు చెయ్యండి. తెలుగు అక్షరాల్లో రాయండి, సొరంగ్ సొంపెంగ్ వస్తే అందులో రాయండి. తప్పు పలికితే వాళ్ళు నవ్వుతారు, నవ్వనివ్వండి. గిడుగు మాస్టారిని చూసి కూడా నవ్వే ఉంటారు. సవరే కాదు, కువి అయినా, కోయ అయినా, గదబ అయినా, ఎవరి మాట వాళ్ళు తెండి.

చెప్పినవాళ్ళ పేరు, ఊరు మాత్రం తప్పకుండా రాసుకోండి. వాళ్ళకి ఇష్టమైతేనే గ్రూపులో పెట్టండి, లేకపోతే మీ నోటుబుక్కులో ఉంచుకోండి. ఒకసారి మన గురువు పేరు పోగొట్టుకున్నాం. రెండోసారి పోగొట్టుకోవద్దు.

గిడుగు మాస్టారికి జోహార్. ఆయనకి సవర నేర్పిన మన పెద్దాయనకి జోహార్.